గుమ్మం దగ్గర అడగవలసిన ప్రశ్న



కెనడాలో ఫెడరల్ ఎన్నికల ప్రచారం చాలా పొట్టిది. 2025లో మార్చి 23న గవర్నర్ జనరల్ మేరీ సైమన్ పార్లమెంటును రద్దు చేశారు. ఏప్రిల్ 28న పోలింగ్ జరిగింది. నడుమ 36 రోజులు. దానికి ముందు జరిగింది కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. జనవరి 6న అప్పటి ప్రధాని జస్టిన్ ట్రూడో తాను తప్పుకుంటున్నట్టు ప్రకటిస్తూనే పార్లమెంటు సమావేశాలను మార్చి 24 దాకా నిలిపివేయించారు. మార్చి 14న మార్క్ కార్నీ ప్రధాని అయ్యారు. అప్పటికి ఆయన ఎంపీ కారు. సభ మళ్లీ కొలువుతీరకముందే ఎన్నికలు వచ్చేశాయి. 2024 డిసెంబరు మధ్య నుంచి 2025 మే 26 దాకా కామన్స్ సభలో ఒక్కరోజు కూడా ప్రశ్నోత్తరాలు జరగలేదు. అమెరికా సుంకాల దెబ్బకి జనం ఉద్యోగాల గురించి బెంగపడుతున్న నెలలవి. అయిదు నెలల పైచిలుకు ప్రభుత్వాన్ని నిలబెట్టి అడగడానికి మిగిలిన చోటు ప్రచారం ఒక్కటే. అడగడానికి మిగిలినవాళ్లు విలేకరులు, మనం.

మనం అడిగామా? ఈ ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే. ఏ పార్టీకి ఓటు వేయాలో నేను చెప్పను. గెలిచి ఒట్టావా వెళ్లినవాళ్లు మళ్లీ మన గుమ్మంలోకి వచ్చినప్పుడు వాళ్లను ఏమడగాలో, ఎలా అడగాలో, ఎందుకు అడగలేకపోతున్నామో చెబుతాను.

ఫెడరల్ ఎంపీని పదవీకాలం మధ్యలో వెనక్కి పిలిచే హక్కు ఈ దేశంలో ఓటరుకు లేదు. బ్రిటిష్ కొలంబియాలో, ఆల్బర్టాలో ప్రావిన్సు శాసనసభ్యుల విషయంలో అలాంటి చట్టాలున్నాయి. ఒట్టావాకు పంపిన మనిషి విషయంలో మాత్రం మళ్లీ ఎన్నికలు వచ్చేదాకా ఆగాల్సిందే. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అని మన పెద్దలు అన్నది ఊరికే కాదు. ఆ ఏరు మళ్లీ అడ్డం వచ్చేది ప్రచారం జరిగే అయిదారు వారాలే.

ఇప్పుడు మన సంగతి. బ్రాంప్టన్, మిసిసాగా, మిల్టన్, ఏజాక్స్, కాల్గరీ, ఎడ్మంటన్, సర్రే, ఎక్కడ చూసినా తెలుగు కుటుంబాలు పెరిగాయి. ఉగాది సంబరాలకు ఎంపీగారు వస్తారు. శాలువా కప్పుతాం. ఆయన మైకు పట్టుకుని "అందరికీ నమస్కారం" అని తెలుగులో అంటే హాలంతా చప్పట్లు. తర్వాత ఫోటోల కోసం వరస. ఇందులో తప్పేమీ లేదు, వచ్చిన అతిథిని గౌరవించడం మన పద్ధతి. కానీ ఆ సాయంత్రం అంతసేపట్లో ఒక్కరంటే ఒక్కరు "మొన్న ఆ బిల్లు మీద మీరు ఎటు ఓటు వేశారండీ" అని అడగరు. అడిగితే బాగుండదేమోనని మొహమాటం. పిలిచిన సంఘంవాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటం. అన్నిటికంటే పెద్ద మొహమాటం ఇంకొకటుంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

మన ఇళ్లలో చాలామందికి ఎంపీ ఆఫీసుతో పరిచయం ఇమ్మిగ్రేషన్ ఫైలు దగ్గర మొదలవుతుంది. అమ్మానాన్నల విజిటర్ వీసా తిరస్కరించారు, లేదా భార్య స్పాన్సర్‌షిప్ నెలల తరబడి కదలడం లేదు, లేదా వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడింది. ఎవరో చెబుతారు, ఎంపీ ఆఫీసుకు రాయమని. రాస్తాం. అక్కడి సిబ్బంది ఇమ్మిగ్రేషన్ శాఖను విచారించి, ఫైలు ఏ దశలో ఉందో కనుక్కుని చెబుతారు. కొన్నిసార్లు ఎక్కడో ఇరుక్కున్న కాగితం కదులుతుంది. మనకు ప్రాణం లేచివస్తుంది. ఆ రోజు నుంచి ఆ ఎంపీ మన పాలిట దేవుడు. మళ్లీ ఎన్నికల్లో ఆయన తలుపు తడితే ఇంక ఏం అడుగుతాం? "మా నాన్నగారి వీసాకి సాయం చేశారండీ, మా ఇంట్లో ఓట్లన్నీ మీకే" అంటాం.

అయ్యా, అమ్మా, ఒక్క మాట వినండి. ఆ నియోజకవర్గ ఆఫీసు అద్దె, అందులో పనిచేసేవాళ్ల జీతాలు, ఫోన్ బిల్లు, అన్నీ పార్లమెంటు ఇచ్చే బడ్జెట్‌లోంచి వస్తాయి. అది మనం కట్టిన పన్ను. ఆ ఫైలు విషయంలో మీకు జవాబు రావడం మీ హక్కు. మీరు ఆయనకు ఓటు వేయకపోయినా, వేరే పార్టీ బోర్డు మీ ఇంటి ముందు పాతుకుని ఉన్నా, ఆ పని చేయాల్సిందే. అంత ఓపికగా చేసిన ఆ ఆఫీసు అమ్మాయికి మనసారా కృతజ్ఞత చెప్పండి. దానికి బదులుగా మీ ప్రశ్నను మాత్రం వదులుకోకండి.

ఎందుకంటే ఫైలు వేరు, ఫైళ్లన్నీ ఆగిపోవడానికి కారణమైన విధానం వేరు. తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్ సంగతే తీసుకోండి. స్పాన్సర్ చేయాలనుకునేవాళ్లు ముందు ఆసక్తి ఫారం నింపాలి, వాళ్లలోంచి లాటరీ తీసి పిలుస్తారు. ఆ ఫారాలు 2020లో తీసుకున్నారు. ఆ తర్వాత 2021 మొదలు 2025 దాకా పంపిన ఆహ్వానాలన్నీ ఆ 2020 నాటి జాబితాలోంచే. అంటే 2021లో ఈ దేశానికి వచ్చి, పన్నులు కట్టి, ఇల్లు కొనుక్కుని, అమ్మానాన్నలను శాశ్వతంగా తెచ్చుకుందామనుకున్న మనిషికి లాటరీలో చీటీ వేసే అవకాశం కూడా దక్కలేదు. సూపర్ వీసా ఉంది, నిజమే. 2022 నుంచి ఒక్క రాకలో అయిదేళ్లు ఉండనిస్తున్నారు, అదీ మంచిదే. కానీ దానికి ప్రైవేటు ఆరోగ్య బీమా కొనాలి. డెబ్భై దాటిన పెద్దవాళ్లకు ఆ బీమా ఎంతవుతుందో కొన్నవాళ్లను అడగండి.

దీని గురించి మీ ఎంపీ సభలో ఎప్పుడైనా లేచి మాట్లాడారా? కమిటీలో అడిగారా? మంత్రికి రాశారా? గుమ్మం దగ్గర అడగవలసింది ఇది. మీ ఒక్క ఫైలు కదిలించి మీ మంచి మాట తీసుకెళ్లిన మనిషి, ఆ దారినే మూసిన విధానం మీద నోరు మెదిపారో లేదో తెలుసుకోకుండా ఓటు వేస్తే, వచ్చే నాలుగేళ్లూ మళ్లీ ఫైళ్లు పట్టుకుని ఆ ఆఫీసు ముందే నిలబడతాం.

ఎలా తెలుసుకోవాలి అంటారా? కామన్స్ సభ వెబ్‌సైటు తెరవండి. మీ పోస్టల్ కోడ్ కొట్టండి. మీ ఎంపీ పేరు, ఫోటో వస్తాయి. అక్కడే ఆయన వేసిన ప్రతి ఓటూ ఉంటుంది, ఏ బిల్లుకి అవును, ఏ బిల్లుకి కాదు అన్నది తేదీతో సహా. సభలో ఆయన మాట్లాడిన ప్రతి మాటా ఉంటుంది. మూడు నెలలకోసారి ఖర్చుల పట్టిక పెడతారు, ప్రయాణాలకెంత, అతిథులకెంత, సిబ్బందికెంత అని. ఒక గంట చాలు. ఇంగ్లిష్ తడబడే పెద్దవాళ్లుంటే మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ పిల్లలకూ అది మంచి చదువే.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు, అందరం పిన్నిగారూ అంటాం. కిందటి ప్రచారంలో అప్పటికే ఎంపీగా ఉన్న అభ్యర్థి ఆమె తలుపు తట్టారు. ఇలా వచ్చేవాళ్ల చేతిలో ఫోనో టాబ్లెట్టో ఉంటుంది. ఈ ఇంట్లోవాళ్లు మనవాళ్లా, అవతలివాళ్లా, ఎటూ తేల్చుకోనివాళ్లా అని నొక్కుకుని పక్కింటికి వెళ్లడమే వాళ్ల పని. పిన్నిగారు చీర కొంగు సర్దుకుని, మనవడిని పిలిచి, ఇద్దరి మధ్యా నిలబెట్టారు. "బాబూ, అడుగురా ఈయన్ని. పళ్ల ప్లాన్ పెట్టారు కదా, దానికి ఈయన అవునన్నాడా, కాదన్నాడా?" ఫెడరల్ డెంటల్ ప్లాన్ గురించి ఆవిడ అడిగింది. పెద్దవాళ్లు కొత్త పళ్లు కట్టించుకోగలరా లేదా అన్నది ఆవిడకు రాజకీయం కంటే ముందు వచ్చే విషయం. ఆ అభ్యర్థి పార్టీ వైఖరి చెప్పడం మొదలుపెట్టారు. పిన్నిగారు చెయ్యెత్తి ఆపారు. "పార్టీ సంగతి టీవీలో విన్నాను. నీ సంగతి చెప్పు నాయనా." ఆయన కాసేపు ఆగి, తాను ఎలా ఓటు వేశారో, ఎందుకు వేశారో చెప్పారు. ఆవిడకు ఆ జవాబు నచ్చిందో లేదో నాకు తెలియదు. నేను చూసింది మాత్రం, రెండు నిమిషాల్లో వెళ్లిపోదామని వచ్చిన మనిషి పావుగంట నిలబడి సొంత మాటల్లో జవాబు చెప్పడం.

"నీ సంగతి చెప్పు" అన్నది చాలా లోతైన ప్రశ్న. కెనడాలో పార్టీ విప్ చాలా గట్టిది. ఎంపీలు తొంభై తొమ్మిది పాళ్లు పార్టీ చెప్పినట్టే చేయి ఎత్తుతారు. అందుకే "మీ పార్టీతో విభేదించి ఎప్పుడైనా ఓటు వేశారా, ఏ విషయంలో?" అని అడిగితే ఆ మనిషి ఏమిటో తెలిసిపోతుంది. అలా నిలబడినవాళ్లను ఓటర్లు ఆదుకున్న సందర్భాలు ఈ దేశ చరిత్రలో ఉన్నాయి. వాటిలో ఒకటి మనందరికీ తెలిసిన జీఎస్టీ కథ.

ఇండియాలో జీఎస్టీ 2017లో వచ్చింది. కెనడాలో 1991 జనవరి 1నే వచ్చింది, బ్రయన్ మల్రోనీ ప్రభుత్వం తెచ్చిన 7 శాతం పన్ను. జనానికి ఒళ్లు మండింది. 1993 ఎన్నికల్లో అప్పటి అధికార పక్షం ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీకి దేశం మొత్తం మీద రెండంటే రెండే సీట్లు వచ్చాయి. ప్రధాని కిమ్ క్యాంబెల్ సొంత సీటు కూడా పోగొట్టుకున్నారు. గెలిచిన లిబరల్ పార్టీ ప్రచారంలో ఈ పన్ను సంగతి తేలుస్తామంది. పార్టీ ప్రణాళిక పుస్తకంలో ఉన్నది దాని బదులు వేరే విధానం తెస్తామని. ఊళ్లలో అభ్యర్థుల నోట జనం విన్నది తీసేస్తామని. హామిల్టన్ నుంచి పోటీ చేసిన షీలా కాప్స్ అయితే, జీఎస్టీ పోకపోతే తాను రాజీనామా చేస్తానని టీవీలో మాట ఇచ్చారు.

పన్ను పోలేదు. ఏళ్లు గడిచాయి. కాప్స్ అప్పటికి ఉప ప్రధాని. విలేకరులు వదల్లేదు, ఓటర్లూ వదల్లేదు. చివరికి 1996 మేలో ఆమె రాజీనామా చేసి, ఉపఎన్నికకు వెళ్లి, జూన్‌లో మళ్లీ గెలిచి వచ్చారు. ఆ ఉపఎన్నిక ఖర్చు దండగ అన్నవాళ్లు అప్పుడున్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేను ఒప్పుకోను. ఇచ్చిన మాట తప్పినందుకు జనం ముందుకు మళ్లీ వెళ్లి, మీరు చెప్పండి అని అడగడం కంటే మర్యాదైన పని ప్రజాస్వామ్యంలో ఇంకేముంది? అదే ఏడాది జాన్ నన్‌జియాటా అనే టొరంటో ఎంపీ, జీఎస్టీ మాట తప్పారంటూ సొంత పార్టీ బడ్జెట్‌కు వ్యతిరేకంగా ఓటు వేశారు. పార్టీ గెంటేసింది. 1997లో ఇండిపెండెంట్‌గా నిలబడితే, యార్క్ సౌత్–వెస్టన్ ఓటర్లు ఆయన్నే గెలిపించారు.

1996 డిసెంబరులో సీబీసీ టీవీ ఒక కార్యక్రమం పెట్టింది. ప్రధాని జీన్ క్రెటియన్ ఎదురుగా మామూలు జనం కూర్చుని ప్రశ్నలడిగారు. వాళ్లలో మాంట్రియల్ నుంచి వచ్చిన ఒక వెయిట్రెస్ ఉన్నారు. జీఎస్టీ తీసేస్తామన్నారు కదా, ఆ మాట నమ్మే మీకు ఓటు వేశాను అని ప్రధాని మొహం మీదే అడిగారు. ఆయన ప్రణాళిక పుస్తకంలో ఏముందో చెప్పి సర్దబోయారు. ఆవిడ తగ్గలేదు. హోటల్లో పళ్లాలు అందించే ఒక మనిషి, తాను విన్న మాట తనకు గుర్తుంది కాబట్టి, దేశ ప్రధానిని నీళ్లు నమిలేలా చేసింది. ఆ రోజుల గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఆ సంభాషణను తలుచుకుంటారు. ఆవిడ దగ్గర ఏ పదవీ లేదు, ఏ సంఘమూ లేదు.

దీనికి ఎదురుగా ఇంకో మాట పెట్టి చూడండి. 2015 ప్రచారంలో ట్రూడో, పాత పద్ధతిలో జరిగే ఆఖరి ఎన్నికలు ఇవేనన్నారు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదే గెలుపు, మిగతా ఓట్లన్నీ గాలికి పోయినట్టే అన్న పద్ధతిని మారుస్తామన్నారు. గెలిచాక పార్లమెంటు కమిటీ వేశారు, 2016 డిసెంబరులో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆ పని మానుకుంది. తర్వాత 2019లో, 2021లో, 2025లో, మూడు ఎన్నికలూ ఆ పాత పద్ధతిలోనే జరిగాయి. ప్రతి ప్రచారంలోనూ లిబరల్ అభ్యర్థులు ఇంటింటికీ వచ్చారు. ఎంతమంది గుమ్మాల దగ్గర ఈ మాట అడిగారు? గట్టిగా అడిగి ఉంటే పద్ధతి మారేదని నేను చెప్పలేను. మాట తప్పిన పార్టీకి దాని బరువు మాత్రం తెలిసివచ్చేది. 2025 జనవరి 6న రాజీనామా ప్రకటించేటప్పుడు ట్రూడో, ఆ పద్ధతి మార్చలేకపోయినందుకు విచారం ఉందన్నారు. పదవి దిగేటప్పుడు వచ్చిన విచారం ఓటరుకు ఏం ఉపయోగం?

ఇక 2025 ప్రచారంలో నన్ను బాగా బాధపెట్టిన విషయానికి వస్తాను. ముందస్తు పోలింగ్ ఏప్రిల్ 18 నుంచి 21 దాకా, ఈస్టర్ సెలవుల్లో జరిగింది. 73 లక్షల మంది ఆ నాలుగు రోజుల్లో ఓటు వేశారు. అంతకుముందెన్నడూ అంతమంది వేయలేదు. మరి పార్టీలు హామీలకు ఎంత ఖర్చవుతుందో, డబ్బు ఎక్కడి నుంచి తెస్తాయో చెప్పే పూర్తి ప్రణాళికలు ఎప్పుడిచ్చాయి? లిబరల్, ఎన్డీపీ పార్టీలు ఏప్రిల్ 19న. కన్సర్వేటివ్ పార్టీ ఏప్రిల్ 22న, అంటే ముందస్తు పోలింగ్ ముగిసిన మర్నాడు. నాయకుల టీవీ చర్చలు 16న ఫ్రెంచిలో, 17న ఇంగ్లిష్‌లో అయిపోయాయి. కాబట్టి ఆ లెక్కల మీద ఒకరినొకరు ప్రశ్నించుకునే అవకాశమే లేదు. హామీల లెక్కలు కట్టి ఇవ్వడానికి పార్లమెంటరీ బడ్జెట్ ఆఫీసర్ 2019 ఎన్నికల నుంచీ పార్టీలకు అందుబాటులో ఉన్నారు. ఇంత ఏర్పాటు ఉండి, ఓట్లు పడుతుండగా కాగితాలు బయటపెట్టడం ఓటరును చిన్నచూపు చూడడమే. ఏ పార్టీకీ ఇందులో మినహాయింపు ఇవ్వను.

విలేకరుల సంగతీ అలాగే ఉంది. కన్సర్వేటివ్ నాయకుడు పియేర్ పొలియెవ్ తన ప్రచార విమానంలో విలేకరులను ఎక్కించుకోలేదు, సమావేశాల్లో నాలుగు ప్రశ్నలకు మించి తీసుకోలేదు. కార్నీ తన ఆస్తులను బ్లైండ్ ట్రస్టులో పెట్టానన్నారు గాని, అవి ఏమిటో ప్రచారంలో చెప్పలేదు. అడిగిన విలేకరుల మీద విసుక్కున్నారు. ఇంగ్లిష్ చర్చ అయిన రాత్రి నాయకులు విలేకరుల ముందుకు రావాల్సిన కార్యక్రమం, అక్కడ గొడవ జరగడంతో రద్దయింది. పైవాళ్లను అడిగే దారులు ఇలా ఇరుకవుతున్నప్పుడు కింద నియోజకవర్గంలో మనం అడిగే ప్రశ్నకు విలువ పెరుగుతుంది.

అక్కడ కూడా ఒక ఇబ్బంది వచ్చిపడింది. లైబ్రరీ హాల్లోనో చర్చి హాల్లోనో అభ్యర్థులందరినీ ఒకే బల్ల వెనక కూర్చోబెట్టి ఊరివాళ్లు ప్రశ్నలడిగే సభలు ఈ దేశంలో పాత ఆచారం. ఈమధ్య కొందరు అభ్యర్థులు వాటికి రావడం మానేశారు. గెలుపు ఖాయం అనుకున్నవాళ్లే ఎక్కువగా ముఖం చాటేస్తున్నారు. నిర్వాహకులు కుర్చీ ముందు పేరు రాసిన అట్ట పెట్టి, ఆ కుర్చీని ఖాళీగా ఉంచుతారు. మన సంఘాలకు నా విన్నపం ఇది: శాలువాలు కప్పే సభలు ఎలాగూ జరుపుతున్నారు, ప్రచారం రోజుల్లో ఒక్క సాయంత్రం అందరు అభ్యర్థులనూ పిలిచి ప్రశ్నల సభ జరపండి. ప్రశ్నలు తెలుగులో అడగనివ్వండి, ఒకరు ఇంగ్లిష్‌లోకి చెబుతారు. రానివాళ్ల పేరు మర్నాడు వాట్సాప్ గ్రూపుల్లో చెప్పండి, ఏ పార్టీవాళ్లయినా సరే.

గెలుపు ఖాయం అన్న ధీమాకు 2025లో ఏమైందో చూశాం. పొలియెవ్ 2004 నుంచి ఒట్టావా ప్రాంతంలో ఓడిపోకుండా గెలుస్తూ వచ్చిన మనిషి. అక్కడ కార్ల్‌టన్‌లో బ్రూస్ ఫాన్‌జోయ్ అనే కొత్త అభ్యర్థి దాదాపు రెండేళ్లు ఇంటింటి తలుపూ తట్టి, నాలుగు వేల పైచిలుకు ఓట్లతో ఆయన్ని ఓడించారు. ఎన్డీపీ నాయకుడు జగ్మీత్ సింగ్ కూడా తన సీటు పోగొట్టుకున్నారు. క్యుబెక్‌లోని టెరబాన్‌లో రీకౌంటింగ్ అయ్యాక తేడా ఒక్క ఓటు. ఒక్క ఓటు కోసం కోర్టు దాకా వెళ్లారు.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. కంపెనీలు, యూనియన్లు ఫెడరల్ పార్టీలకు చందా ఇవ్వకూడదు. మనుషులే ఇవ్వాలి, 2025లో ఒక్కో పార్టీకి ఏడాదికి 1,750 డాలర్ల దాకా. పౌరులతో పాటు పర్మనెంట్ రెసిడెంట్లు కూడా ఇవ్వవచ్చు. కానీ ఎవరైనా మీ చేతిలో నగదు పెట్టి మీ పేరు మీద చందా ఇమ్మంటే ఒప్పుకోకండి, అది నేరం. 200 డాలర్లు దాటిన ప్రతి చందాదారు పేరూ ఎలక్షన్స్ కెనడా వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఈ చట్టాలు కాగితాలకే పరిమితం అనుకోకండి. పీటర్‌బరో ఎంపీ డీన్ డెల్ మాస్ట్రో 2008 ప్రచారంలో ఖర్చు పరిమితి దాటి, ఆ సంగతి దాచినందుకు 2014లో దోషిగా తేలారు, ఆయనకు జైలుశిక్ష పడింది. ఆయన అప్పటి ప్రధానికి పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేసిన మనిషి.

అదే నైతిక నియమాల చట్టం దగ్గరికి వచ్చేసరికి కథ వేరు. 2019 ఆగస్టులో, ఎన్నికలకు రెండు నెలల ముందు, ఎస్ఎన్‌సీ లావలిన్ అనే కంపెనీ మీద ఉన్న క్రిమినల్ కేసు విషయంలో న్యాయశాఖ మంత్రిపై ఒత్తిడి తెచ్చి ట్రూడో ఆ చట్టాన్ని ఉల్లంఘించారని ఎథిక్స్ కమిషనర్ తేల్చారు. ఆ ఉల్లంఘనకు చట్టంలో జరిమానా లేదు. వివరాలు సమయానికి ఇవ్వకపోవడం లాంటి తప్పులకే జరిమానా, అది కూడా 500 డాలర్లకు మించదు. శిక్ష వేయగలిగింది ఓటర్లొక్కరే. ఆ ఎన్నికల్లో ఆయన పార్టీకి మెజారిటీ పోయింది. ఆ ఒత్తిడికి లొంగక పార్టీ నుంచి గెంటివేతకు గురైన ఆ మాజీ మంత్రి జోడీ విల్సన్-రేబోల్డ్‌ను వాంకూవర్ గ్రాన్‌విల్ ఓటర్లు ఇండిపెండెంట్‌గా గెలిపించారు.

ఓటు లేనివాళ్లు వింటున్నారని నాకు తెలుసు. స్టూడెంట్ పర్మిట్ మీద ఉన్న పిల్లలు, పీఆర్ వచ్చి సిటిజన్‌షిప్ కోసం చూస్తున్నవాళ్లు. ఎంపీ మీకు కూడా ఎంపీయే. నియోజకవర్గాల హద్దులు గీసేటప్పుడు జనాభాలో మిమ్మల్ని కూడా లెక్కపెడతారు. కామన్స్ సభకు పంపే ఈ–పిటిషన్ మీద ఈ దేశంలో నివసించే ఎవరైనా సంతకం పెట్టవచ్చు. 500 సంతకాలు దాటి, ఎంపీ దాన్ని సభలో సమర్పిస్తే, ప్రభుత్వం 45 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. అయిదు డాలర్లు కట్టి ప్రభుత్వ శాఖల నుంచి సమాచారం అడగవచ్చు, మన దగ్గర పది రూపాయలు కట్టి ఆర్టీఐ వేసినట్టే. అభ్యర్థుల సభలో లేచి ప్రశ్న అడగడానికి పాస్‌పోర్టు చూపించమని ఎవరూ అనరు.

చివరిగా ఒక ప్రశ్న, ఇది అన్ని పార్టీల అభ్యర్థులనూ అడగండి. గెలిచాక పార్టీ మారితే రాజీనామా చేసి మళ్లీ మా దగ్గరికి వస్తారా? ఇండియాలో 1985 నుంచి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంది. అది ఉన్నా తెలంగాణలో పదిమంది ఎమ్మెల్యేల విషయం తేల్చండని 2025 జూలైలో సుప్రీంకోర్టు స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. కెనడాలో అసలు అలాంటి చట్టమే లేదు. 2006లో డేవిడ్ ఎమర్సన్ లిబరల్‌గా గెలిచి రెండు వారాల్లోనే కన్సర్వేటివ్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. వాంకూవర్ కింగ్స్‌వే జనం వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు, ఫలితం లేదు. 2025 నవంబరులో నోవా స్కోషియా ఎంపీ క్రిస్ డాంట్రెమాంట్, డిసెంబరులో మన టొరంటో పక్కన మార్కమ్–యూనియన్‌విల్ ఎంపీ మైకేల్ మా, కన్సర్వేటివ్ పార్టీ నుంచి లిబరల్ పార్టీలోకి మారారు. పార్టీ మారడానికి మనస్సాక్షి కారణం కావచ్చు, దాన్ని నేను కాదనను. ఓటు వేసినవాళ్లను మాత్రం అడగాలి. ముప్పై ఏళ్ల కిందట షీలా కాప్స్ పన్ను విషయంలో చేసిన పని, పార్టీనే మార్చినవాళ్లు ఎందుకు చేయకూడదు?

అభ్యర్థి ఇచ్చిన జవాబు ఆ పూటే కాగితం మీద రాసుకోండి, తేదీ వేసి, ఎవరు విన్నారో కూడా రాసి. గెలిచాక ఆయనకే ఉత్తరం రాయండి, మీరు ఫలానా రోజు మా గుమ్మంలో ఈ మాట అన్నారు, ఆ పని ఎంతవరకు వచ్చింది అని. కవరు మీద ఎంపీ పేరు, హౌస్ ఆఫ్ కామన్స్, ఒట్టావా అని రాస్తే చాలు. ఆ ఉత్తరానికి స్టాంపు అంటించనక్కరలేదు. ఆరు నెలలకోసారి రాయండి. జవాబు వస్తే అది మీ పక్కింటివాళ్లకూ చదివి వినిపించండి, రాకపోతే ఆ సంగతీ చెప్పండి.